తూకము, ధర, ప్రమేయము

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తెచ్చిన రైతుకు రావలసిన సొమ్ము రెండు సంఖ్యల లబ్ధము: తూకము, ధర. (కమీషను, కూలి కోతలు వేరు.) తూకము 12 క్వింటాళ్లు, క్వింటాలు ధర 15,000 రూపాయలు అనుకొనుడు. గుణకారమను ప్రమేయము ఎన్నిసార్లు అడిగినను 1,80,000 అనియే చెప్పును. చిక్కు గుణకారములో లేదు, ఆ సంఖ్యలు చేతికి వచ్చుటలో నున్నది. కాటా చెడవచ్చును, బేరము కుదరకపోవచ్చును. అనగా ఒక్కొక్క విలువ సంఖ్యయైనను కావచ్చును, అది రాకపోవుటకు కారణమైనను కావచ్చును. ఇట్టి విలువలను ప్రమేయమునకు అందించుట ఎట్లు?

1989లో యూజీనియో మొగ్గి గణితములోని ‘మోనాడ్’ అను భావనతో ఇట్టి గణనలను వర్ణించెను. ఫిలిప్ వాడ్లర్ దానిని ప్రోగ్రాములు వ్రాయు పద్ధతిగా మలచెను. హాస్కెల్ భాషలో అది స్థిరపడెను. మోనాడ్‌లో మొదటి ఫలితమును చూచి తరువాతి పని నిర్ణయింపవచ్చును: కాయలో తేమ హెచ్చుగా నున్నచో ఆరబోతకు, లేనిచో కాటాకు.

అయితే ధర నిర్ణయమగునది కాయ నాణ్యతను బట్టి. అది తూకము కొరకు ఆగదు. లేని వరుసను కల్పించినచో నష్టమే. కాటా చెడినదని తెలియగానే లెక్క ఆగిపోవును. బేరము కూడ కుదరలేదను సంగతి రైతు మరల వచ్చినపుడు గాని తెలియదు.

1996లో స్వీర్‌స్ట్రా, డూపోన్‌షెల్ అనువారు వాక్యనిర్మాణమును విప్పు పార్సర్లకై మోనాడ్ కంటె తక్కువ శక్తిగల కూర్పును వాడిరి. శక్తి తగ్గుటయే లాభమైనది: ఒక భాగపు ఫలితముపై మరియొక భాగపు రూపము ఆధారపడదు కనుక, పాఠ్యము అందకముందే పార్సరు నిర్మాణమును పరిశీలింపవచ్చును. 2008లో కానర్ మెక్‌బ్రైడ్, రాస్ పేటర్సన్ ఇట్టి కూర్పులకన్నిటికిని ‘అప్లికేటివ్ ఫంక్టర్’ అని పేరిడి నియమములు వ్రాసిరి.

దాని పని సులభము. గుణకారమునకు తూకము నందించగా ‘12 రెట్లు చేయుట’ అను ప్రమేయము మిగులును. దానికి ధర నందించవలెను. రెండును విఫలమైనచో రెండు కారణములును జేర్చి ఒకే చీటీపై వ్రాయవచ్చును. మోనాడ్‌కు ఇది సాధ్యము కాదు: మొదటి సంఖ్య లేనిదే రెండవ పని ఏదో దానికి తెలియదు. మోనాడ్ అయిన ప్రతిదియు అప్లికేటివ్ అగును, విపర్యయము సత్యము కాదు.

2014లో ఫేస్‌బుక్ సంస్థవారు ప్రకటించిన ‘హాక్సల్’ ఈ స్వాతంత్ర్యమునే వాడుకొని, పరస్పరాధారము లేని సమాచారపు అభ్యర్థనలను ఒకేసారి పంపెను. సామాన్యమైన భావన విశేషమైనదాని తరువాత పుట్టుట శాస్త్రములో క్రొత్త కాదు. హాస్కెల్ ముఖ్య కంపైలరు మోనాడ్‌కు ముందు అప్లికేటివ్ ఉండవలెనని నిర్బంధించినది 2015లో మాత్రమే.