ఆ కమాండ్లకు పేర్లు పెట్టిందెవరు?

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడికి మొన్నొక సర్వరు అప్పజెప్పాను. డిస్కు నిండిపోయింది, ఇంకో డిస్కు తగిలించి ఉంది, చోటు పెంచాలి. "ఏముందీ, నాలుగు కమాండ్లు" అంటూ మంత్రాల్లా చదివేశాను. కొత్త డిస్కు మీద పీవీక్రియేట్, దాన్ని పాత గ్రూపులో కలపడానికి వీజీఎక్స్‌టెండ్, వాల్యూమ్ పెంచడానికి ఎల్వీఎక్స్‌టెండ్, ఆఖర్న ఫైల్‌సిస్టమ్‌ని సాగదీయడానికి రిసైజ్2ఎఫ్ఎస్. రీబూట్ లేదు, సర్వీసు ఆపే పని లేదు.

"భలే ఉందండీ, ఎవరు కనిపెట్టారు?" అన్నాడు.

"ఇంకెవరు, లినక్స్ వాళ్ళే" అనేశాను. తప్పు చెప్పానని ఆ రాత్రే తెలిసింది.

అసలు కథ పార్టిషన్ల దగ్గర మొదలవుతుంది. పార్టిషన్ అంటే మన భాషలో పంపకాలే కదా! 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, డాస్ 2.0తో హార్డ్‌డిస్కు పంపకాలు పీసీల్లోకి వచ్చాయి. డిస్కు మొదటి సెక్టారులో 64 బైట్ల పట్టిక, అందులో నాలుగే నాలుగు వాటాలు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే, గట్టు వేశాక ఇక అంతే. పెద్దాయన చెక్క బీడుగా పడున్నా, పక్కనే చిన్నాయనకి చోటు చాలకపోయినా, గట్టు జరపాలంటే పెద్ద పంచాయితీ. సర్వర్లలో రోజూ ఇదే గోల. లాగ్‌లుండే భాగం నిండిపోయి ఏడుస్తుంటుంది, పక్క భాగం సగం ఖాళీ.

దీనికి విరుగుడు కూడా ఐబీఎం నుంచే వచ్చింది. 1990లో ఆర్ఎస్/6000 మెషీన్లతో పాటు వచ్చిన ఏఐఎక్స్ 3లో లాజికల్ వాల్యూమ్ మేనేజర్ ఉంది. ఆలోచన చాలా సింపుల్. పంపకాలు మానేసి ధాన్యమంతా ఉమ్మడి గాదెలో పొయ్యండి. డిస్కులన్నీ కలిపితే ఒక వాల్యూమ్ గ్రూప్. దాన్ని సమానమైన చిన్న ముక్కలు చేసి, ఎవరికెన్ని కావాలో అన్ని కొలిచివ్వండి. ఏ ముక్క ఏ డిస్కులో ఉందో ఫైల్‌సిస్టమ్‌కి తెలియదు, తెలియక్కర్లేదు. ఏఐఎక్స్‌లో కమాండ్లు ఎంకేవీజీ, ఎంకేఎల్వీ లాంటివి. 1990ల మొదట్లో హెచ్‌పీ తన హెచ్‌పీ-యూఎక్స్‌లో ఇదే ఆలోచనతో వాల్యూమ్ మేనేజర్ పెట్టింది. ఆ ముక్కలను ఎక్స్‌టెంట్లంది. కమాండ్ల పేర్లేమో పీవీక్రియేట్, వీజీక్రియేట్, ఎల్వీక్రియేట్!

అదీ సంగతి. 1998 ప్రాంతంలో హైంజ్ మావెల్స్‌హాగెన్ అనే జర్మన్ ప్రోగ్రామరు లినక్స్ కోసం ఎల్వీఎం రాసినప్పుడు హెచ్‌పీ-యూఎక్స్ పద్ధతినే నమూనాగా తీసుకున్నాడు. పేర్లతో సహా. హెచ్‌పీ మెషీన్ల మీద చెయ్యి తిరిగిన అడ్మిన్లకు లినక్స్‌కి వచ్చాక కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. 2001 జనవరిలో వచ్చిన కెర్నెల్ 2.4లో ఆ కోడ్ చేరింది. సిస్టినా అనే చిన్న కంపెనీ దాన్ని చూసుకునేది.

అసలు గొడవ 2002లో. తర్వాతి కెర్నెల్లో పాత ఎల్వీఎం కోడ్ నిలబడేలా లేదు. రెండు దార్లున్నాయి. ఒకటి ఐబీఎం టీము కట్టిన ఈవీఎంఎస్. డిస్కులు, పార్టిషన్లు, రెయిడ్, వాల్యూమ్‌లు అన్నిటినీ ఒకే గొడుగు కిందకి తెచ్చే పెద్ద వ్యవస్థ, కెర్నెల్లో కూడా బోలెడు కోడు. రెండోది సిస్టినా వాళ్ళ డివైస్ మ్యాపర్. దానికి ఎల్వీఎం అంటే ఏంటో కూడా తెలియదు. "ఇక్కడి నుంచి ఇన్ని సెక్టార్లు అడిగితే, ఆ డిస్కులో అక్కడ చూడు" అని చెప్పే పట్టిక, అంతే. మిగతా తెలివంతా బయట, కమాండ్లలో ఉంటుంది.

2002 అక్టోబరు ఆఖర్లో డివైస్ మ్యాపర్ కెర్నెల్లోకి వెళ్ళింది. ఈవీఎంఎస్ వెళ్ళలేదు.

ఆ తర్వాత జరిగిందే నాకు బాగా నచ్చిన ఘట్టం. మామూలుగా ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో మనకు తెలియంది కాదు. మెయిళ్ళలో యుద్ధాలు, "మా డిజైనే గొప్ప" అని ఏడాది పాటు సణుగుడు, చివరికి రెండు కోడ్‌బేసులు. ఇక్కడలా జరగలేదు. కొద్ది రోజుల్లోనే, నవంబరు మొదట్లో, ఈవీఎంఎస్ టీము తరఫున కెవిన్ కోరీ ఒక ప్రకటన పంపాడు. మా కెర్నెల్ కోడ్ పక్కన పెట్టేస్తున్నాం, మా టూల్స్‌ని డివైస్ మ్యాపర్ మీద పనిచేసేలా మార్చుకుంటాం అని దాని సారాంశం. ఎంతో కాలం కష్టపడి రాసిన కోడు! అలాగే చేశారు కూడా. ఈవీఎంఎస్ మరికొన్నేళ్ళు నడిచి ఆగిపోయింది.

గెలిచినవాళ్ళకీ పాత కోడు మిగల్లేదండోయ్. మొదటి ఎల్వీఎం కెర్నెల్ కోడును తీసేశారు, దాని స్థానంలో ఎల్వీఎం2 కొత్తగా రాశారు. 2003 డిసెంబరులో రెడ్ హ్యాట్ సిస్టినాని కొనేసింది, 2004లో ఫెడోరా కోర్ 3 ఇన్‌స్టాలర్ డిఫాల్టుగా ఎల్వీఎం పెట్టడం మొదలెట్టింది. డిస్కు ఎన్‌క్రిప్షన్, మల్టీపాత్, 2012లో థిన్ వాల్యూమ్‌లు, 2013లో రెడ్ హ్యాట్ లినక్స్ మీద డాకర్ నిల్వ, అన్నీ ఆ చిన్న పట్టిక మీదే కూర్చున్నాయి. 2020లో ఫెడోరా 33 డెస్క్‌టాప్ బీటీఆర్ఎఫ్ఎస్‌కి మారినా, సర్వర్లలో ఎల్వీఎం కదల్లేదు.

నాకు ఈ కథ ఇంత పట్టడానికి సొంత కారణం ఒకటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక వాల్యూమ్‌ని తగ్గించమన్నారు. ముందు ఫైల్‌సిస్టమ్ కుదించాలి, తర్వాతే ఎల్వీరెడ్యూస్. నేను తిరగేసి చేశాను. డేటా పోవచ్చని అది హెచ్చరిస్తే 'వై' కొట్టాను. మౌంట్ కాలేదు. చేతులు చల్లబడ్డాయి. సీనియర్ ఒకాయన వచ్చి, ఈటీసీ కింద ఎల్వీఎం ఆర్కైవ్‌లో ఉన్న ఫైలు తెరిచి చూపించారు. మార్పు చెయ్యక ముందు ఏ ముక్క ఎవరిదో అందులో మామూలు టెక్స్టులో రాసి ఉంది. వీజీసీఎఫ్‌జీరిస్టోర్ కొట్టారు, పాత హద్దులు వెనక్కొచ్చాయి. వదిలేసిన ముక్కల్లో ఈలోగా ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి డేటా బతికింది. (ప్రతిసారీ బతకదు. బ్యాకప్ బ్యాకప్పే.) మనిషి చదవగలిగే ఆ టెక్స్టు ఎల్వీఎం2తో వచ్చిందే. అంతకుముందు అది బైనరీ.

అంటే, ఎవరో పాత కోడును వదులుకోబట్టి నా ఉద్యోగం నిలిచింది.

రివ్యూలో మన డిజైన్ పక్కన పెడితే మూడు రోజులు అన్నం సయించదు మనకి. నాకైతే అంతే. అలాంటప్పుడు కెవిన్ కోరీ ప్రకటన గుర్తు తెచ్చుకుంటాను. వాళ్ళు పట్టుబట్టి ఉంటే లినక్స్‌లో ఈ రోజుకీ రెండు గాదెలు, రెండు తాళాలు ఉండేవేమో.

ఆ కుర్రాడికి మర్నాడు పొద్దున్నే చెప్పాను, ఆలోచన ఐబీఎందనీ, పేర్లు హెచ్‌పీవనీ. "మరి కోడో?" అన్నాడు. "మొదట రాసింది మిగల్లేదు" అన్నాను.