పాట ఎవరి సొత్తు?

దర్జీకి కుట్టుకూలి ఇచ్చేశాక జాకెట్టు మనదే. తొడుక్కున్నప్పుడల్లా తనకో పది రూపాయలివ్వమని అతనడిగితే నవ్వి ఊరుకుంటాం. మరి డబ్బిచ్చి రాయించుకున్న పాట సంగతేమిటి? ఈ తగవు మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

సినిమా పాటలు రాసేవాళ్ళ కోసం, బాణీలు కట్టేవాళ్ళ కోసం 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ అనే సంస్థ వెలిసింది. పాటని నలుగురిలో వినిపించి సొమ్ము చేసుకునేవాళ్ళు తమవాళ్ళకీ కొంత ఇవ్వాలని రేట్లు ప్రకటించింది. నిర్మాతలకి కోపం వచ్చింది. డబ్బిచ్చి చేయించుకున్నాక ఇంకా వాళ్ళ హక్కేమిటన్నారు. కాపీరైటు బోర్డు పాటలవాళ్ళ పక్షం వహించింది. కలకత్తా హైకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 1977 మార్చిలో సుప్రీంకోర్టు కూడా నిర్మాతలదే న్యాయమంది. 1957 నాటి చట్టం ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే, సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాటకి మొదటి యజమాని నిర్మాతేనట!

విచిత్రం చూడండి. నేను ఇంట్లో కూర్చుని నవల రాసి వారపత్రికకి పంపితే, నేనుగా రాసిచ్చేస్తే తప్ప దాని హక్కు నాదే. అదే కలంతో సినిమాకి పాట రాసి ఉంటే, అది నాది కాకుండా పోయేదన్నమాట! పాడినవాళ్ళ గతి మరీ అన్యాయం. వాళ్ళకి చట్టంలో ఏ హక్కూ లేదని ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణ అయ్యర్ ఎత్తిచూపారు. 1994లో గానీ వాళ్ళకి చట్టంలో చోటు దొరకలేదు.

రాసినవాళ్ళూ, బాణీ కట్టినవాళ్ళూ 2012 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో వాళ్ళ తరఫున గట్టిగా మాట్లాడారు. చట్టం మారింది. సినిమా హాల్లో బొమ్మతో పాటు వినిపించినప్పుడు తప్ప, ఇంకెక్కడ ఆ పాట సంపాదించినా రాయల్టీలో వాళ్ళకి సమాన వాటా ఉంది. దాన్ని నిర్మాతకి వదిలేస్తామని వాళ్ళు సంతకం పెట్టినా చెల్లదు! అవకాశం పోతుందేమోనన్న భయంతో సంతకం పెట్టేవాళ్ళ సంగతి చట్టానికీ తెలుసన్నమాట.

మళ్ళీ దర్జీ దగ్గరికే వద్దాం. జాకెట్టు పది ఉతుకులకి వెలిసిపోతుంది. పాట వెలవదు. మా అమ్మ అంట్లు తోముకుంటూ పాడుకున్న పాటే ఇవాళ మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో వింటోంది. దానిమీద ఇంకా ఎవరికో డబ్బు వస్తూనే ఉంది. ఆ 'ఎవరికో'లో రాసినవాళ్ళు కూడా ఉండాలంటే, అది అత్యాశంటారా?