తాళం విప్పే విద్య

తాళం విప్పే విద్య అనగా తాళపుచెవి లేకుండా, తాళాన్ని పగులగొట్టకుండా, దాని లోపలి భాగాలను సన్నని ఉపకరణాలతో కదిలించి తెరవడం. తాళాలు బాగుచేసేవారికి ఇది వృత్తి. కొందరికి చిక్కుముడి విప్పడం వంటి అభిరుచి.

పేర్లు

వేలాడే తాళాన్ని తెలుగులో తాళంకప్ప అంటారు. గద్వాలకు పొరుగున ఉన్న రాయలసీమలోను, కన్నడంలోను తాళానికి బీగం అని పేరు. అసలు చెవికి బదులుగా వాడేదానిని మారుతాళం అంటారు.

చరిత్ర

రాబర్ట్ బారన్ 1778లో ఇంగ్లండులో రెండు లీవర్ల తాళానికి పేటెంటు పొందాడు. జోసెఫ్ బ్రామా తయారుచేసిన తాళాన్ని తెరచినవారికి 200 గినీల బహుమతి ఇస్తామని ప్రకటించగా, దశాబ్దాలపాటు ఎవ్వరూ తెరవలేకపోయారు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శన సమయంలో అమెరికా దేశస్థుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ దానిని 16 రోజులలో, మొత్తం 51 గంటలు శ్రమించి తెరిచాడు. తాళాల లోపాలు దొంగలకు ముందే తెలుసుననీ, దాచిపెట్టడం వలన నష్టపోయేది కొనుగోలుదారులేననీ హాబ్స్ వాదించాడు. ఈ విద్యను అభిరుచిగా సాధన చేసేవారి సంఘం 1997లో జర్మనీలోని హాంబర్గులో ఏర్పడింది.

తాళం పనిచేసే విధానం

పిన్ను తాళంలో తిరిగే గొట్టం ఒకటి ఉంటుంది. దాని పైనున్న రంధ్రాలలో జంట పిన్నులను స్ప్రింగులు క్రిందికి నొక్కి ఉంచుతాయి. సరియైన చెవి పెట్టినపుడు ప్రతి జంట మధ్యనున్న అతుకు గొట్టం అంచుకు చేరి, గొట్టం తిరుగుతుంది. లీవర్ తాళంలో పిన్నులకు బదులు పలుచని రేకులు ఉంటాయి. వాటి గాళ్ళన్నీ ఒకే వరుసలోకి వస్తేనే గడియ జరుగుతుంది.

ఉపకరణములు, పద్ధతి

పిన్ను తాళానికి ముఖ్యంగా రెండు ఉపకరణాలు కావాలి.

- బిగింపు కడ్డీ: వంచిన ఉక్కు పట్టీ. గొట్టాన్ని స్వల్పంగా తిప్పి పట్టుకొనడానికి.
- కొక్కెం: కొన వంగిన సన్నని ఉక్కు పుల్ల. పిన్నులను ఒక్కొక్కటిగా లేపడానికి.

ఏ తాళమూ లోపం లేకుండా తయారు కాదు. రంధ్రాలు వెంట్రుకవాసి తేడాతో ఉండడం వలన, గొట్టాన్ని కొంచెం తిప్పినపుడు మొదట ఒక పిన్ను మాత్రమే బిగుసుకుంటుంది. దానిని లేపితే చిన్న చప్పుడుతో నిలుస్తుంది. తరువాత మరొకటి బిగుసుకుంటుంది. బలం కంటే చేతి స్పర్శ ముఖ్యం. లీవర్ల సంఖ్య, తయారీలో నైపుణ్యం పెరిగేకొద్దీ ఈ పని కఠినమవుతుంది.

పాలమూరు ప్రాంతంలో ప్రాముఖ్యత

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకు ముందు ఇవి మహబూబ్ నగర్ జిల్లాలో ఉండేవి. పాలమూరుగా పేరొందిన ఈ ప్రాంతం నుండి కూలీలు ముంబై, హైదరాబాదు వంటి నగరాలకు వలస పోవడం చాలాకాలంగా ఉన్నది. అట్టి ఇంటికి నెలల తరబడి తాళంకప్పే కాపలా. అయితే దొంగలు సాధారణంగా ఓపికతో తాళం విప్పరు, ఇనుప కడ్డీతో విరుస్తారు. కనుక ఎక్కువ లీవర్లున్న తాళం కొన్నంత మాత్రాన చాలదు. తాళం కొండి లావుగా ఉండాలి, గొళ్ళెం మరలు బయటికి కనబడకూడదు.

నియమాలు, చట్టం

అభిరుచి గలవారు రెండు నియమాలు పాటిస్తారు: తమది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టరాదు, తమదే అయినా వాడుకలో ఉన్న తాళంపై సాధన చేయరాదు, పాడైతే తలుపు తెరుచుకోదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షను ప్రకారం, తాళం తెరచి అక్రమంగా ఇంటిలో ప్రవేశించడం ఇంటికి కన్నం వేయడంతో సమానమైన నేరం.

ఇవి కూడా చూడండి

- తాళం
- గద్వాల కోట
- పాలమూరు వలసలు