రాజీనామాకు ముందురోజు

1967 ఏప్రిల్ 10. ఢిల్లీలో ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. సుప్రీంకోర్టు బెంచీ మీద అయిదుగురు. పెద్ద కుర్చీలో కోకా సుబ్బారావు. మన రాజమండ్రి మనిషి. దేశానికి ప్రధాన న్యాయమూర్తి.

ముందున్నది ఓ వ్యాపారి గోడు. పేరు సత్వంత్ సింగ్. మోటారు విడిభాగాల ఎగుమతి, దిగుమతి. పని మీద పరాయి దేశాలు తిరగాలి. కిందటేడు ఆగస్టులో పాస్‌పోర్టు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నీ పాస్‌పోర్టులు వెనక్కిచ్చెయ్! ఏ చట్టం కింద? అలాంటి చట్టమంటూ లేనేలేదు. ఇచ్చేదీ సర్కారే, లాక్కునేదీ సర్కారే.

తీర్పు వచ్చింది. ముగ్గురు ఒక పక్క, ఇద్దరు ఒక పక్క. ముగ్గురి తరఫున రాసింది సుబ్బారావు. దేశం దాటి వెళ్లడమూ మనిషి స్వేచ్ఛలో భాగమే. చట్టం లేకుండా దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు. సర్కారు గతుక్కుమంది. జూన్ దాటకుండా పాస్‌పోర్టు చట్టం తెచ్చుకోవాల్సొచ్చింది. అది తర్వాతి మాట. ఈ తీర్పు మీద సిరా ఆరకముందే సుబ్బారావు ఇంకో కాగితం మీద సంతకం పెట్టారు.

రాజీనామా. ఏప్రిల్ 11. జూలై 15కి అరవై అయిదు నిండుతాయి. ఎలాగూ దిగిపోవాల్సిందే. మూడు నెలలు కూడా ఆగలేదు. రాష్ట్రపతి పదవికి పోటీ! కాంగ్రెస్ నిలబెట్టింది ఉపరాష్ట్రపతి జాకిర్ హుస్సేన్‌ని. ప్రతిపక్షాలు ఎదురు నిలబెట్టింది సుబ్బారావుని. నిన్నటిదాకా సర్కారును బోనెక్కించిన మనిషి తెల్లారేసరికి తనే బోనులో ఉన్నాడు.

ఆయన మీద పడిన ముద్ర ఒకటే. ఆస్తిపరుల జడ్జీ. పాతకాలపు మనిషి. స్వతంత్ర పార్టీ వాళ్లకు కావలసినవాడు. రాజాజీ, ఎన్జీ రంగా, మీనూ మసానీ కలిసి 1959లో పెట్టిన పార్టీ అది. ఉమ్మడి సేద్యం అన్న కాంగ్రెస్ మాట వినగానే భగ్గుమని లేచింది. 1967 ఎన్నికల్లో ఆంధ్ర అసెంబ్లీలో 29 సీట్లు పట్టింది. అదే ఎన్నికల్లో కాంగ్రెస్ లోక్‌సభలో 283కి పడిపోయింది, మద్రాసులో డీఎంకే చేతిలో మట్టికరిచింది. ఇక రాష్ట్రపతి భవన్ కూడా జారిపోతుందా?

ఈ ఆస్తి తగాదా ఏమిటో కృష్ణా జిల్లా పామర్రు సెంటర్లో నిలబడిన మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక రోడ్డు బెజవాడకు, ఒకటి బందరుకు, ఒకటి గుడివాడకు, ఒకటి చల్లపల్లికి. ఎండాకాలం వస్తే కాలవలు కట్టేస్తారు, రేగడి నేల బీటలు వారి నోరు తెరుస్తుంది, చల్లపల్లి రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే జమీందారీ భూముల కోసం ఎర్రజెండాలు లేచిన ఊళ్లు వరసగా తగులుతాయి, ఆ ఊళ్లలోనే పెద్ద కమతం ఉన్న రైతు సీలింగు అన్న మాట వింటే రాత్రి నిద్రపోడు, సెంటు భూమి లేని కూలీకి అదే మాట మీద ఇంకా ఆశ చావదు. ఇలాంటి చోట జడ్జీగారి తీర్పు ఢిల్లీ కాగితం కాదు. పొలంగట్టు సంగతి.

అందరి వేలూ ఒకే కేసు వైపు. గోలక్‌నాథ్.

ఫిబ్రవరి 27. బెంచీ మీద పదకొండు మంది. అంతకుముందు సుప్రీంకోర్టులో అంత పెద్ద బెంచీ కూర్చున్నది లేదు. జలంధర్‌లో ఓ కుటుంబానికి అయిదు వందల ఎకరాల పైచిలుకు భూమి. మనిషికి ముప్ఫై ఎకరాలే ఉంచుకోండి, మిగతాది వదలండి అంది పంజాబ్ చట్టం. వాళ్లు కోర్టుకెక్కారు. తీర్పు ఆరు, అయిదు. ఒక్క ఓటు తేడా! ప్రాథమిక హక్కుల్ని కోసేసే అధికారం పార్లమెంటుకు లేదు. రాజ్యాంగ సవరణ పేరు పెట్టుకుని వచ్చినా సరే. ప్రధాన తీర్పు సుబ్బారావుదే. భూస్వాములు గెలిచారా?

అక్కడే మెలిక. ఈ తీర్పు ఇవాళ్టి నుంచి ముందుకే, వెనక్కి వర్తించదు అన్నారు సుబ్బారావు. అమెరికా కోర్టుల నుంచి తెచ్చిన సూత్రం. పాత సవరణలు మూడూ అలాగే ఉంటాయి. వాటి నీడన చేసిన భూసంస్కరణలూ ఉంటాయి. అంటే పంజాబ్ చట్టం చెక్కుచెదరలేదు. వాదన గెలిచిన కుటుంబానికి ఎకరం తిరిగి రాలేదు. ఆస్తిపరుల జడ్జీ అని తిట్టినవాళ్లు ఈ పేజీ దాకా చదివినట్టు లేదు.

అలాగని ముద్ర ఊరికే పడిందా? కాదు. 1964లో మద్రాసు వజ్రవేలు మొదలియార్ కేసు. సర్కారు భూమి తీసుకుంటే సరైన ఖరీదు కట్టి తీరాలి అన్నారు. 1966లో మెటల్ కార్పొరేషన్ కేసు. మళ్లీ అదే మాట. ఆస్తి విషయంలో ఆయన వెనక్కి తగ్గిన సందర్భం వెతకాలి. ఫైలు ఇక్కడే మూసేస్తే శిక్ష ఖాయం.

కానీ అదే బీరువాలో ఇంకో ఫైలుంది. అది ఉత్తరప్రదేశ్‌లో ఓ అర్ధరాత్రి మొదలవుతుంది.

తలుపు మీద దబదబా బాదుడు. కేకలు. ఖరక్ సింగ్ ఉలిక్కిపడి లేచాడు. గుమ్మంలో కానిస్టేబుళ్లు, వాళ్ల వెనక ఊరి చౌకీదారు. ఇంట్లో జొరబడతారు, ఉన్నాడో లేడో చూస్తారు, ఒక్కోసారి స్టేషన్‌కు నడవమంటారు, ఊరు దాటాలంటే ఎక్కడికి పోతున్నదీ ఎప్పుడొచ్చేదీ చెప్పి పొమ్మంటారు, ఇదంతా ఎప్పుడో 1941లో దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేసిన మనిషి మీద. పోలీసుల దగ్గర అతని పేరిట హిస్టరీ షీటు ఉంది. మన రౌడీ షీటుకు అన్నలాంటిది. అది తెరిస్తే మూసేదెవరు?

1962 డిసెంబర్ 18. ఆరుగురు జడ్జీలు. నలుగురు సగం దారిలో ఆగారు. రాత్రిపూట ఇంటికి పోవడం తప్పు, మిగతా నిఘా ఫర్వాలేదు, ఏకాంతమనే హక్కు మన రాజ్యాంగంలో లేదు అన్నారు. సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో నిలిచారు. నీడలా వెంటాడే పోలీసు ఉన్నంతకాలం ఆ మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టే కాదు. షీటు నిబంధన మొత్తం చెల్లదు. ఇద్దరి మాట నలుగురి ముందు ఓడింది. ఆ ఓటమి వల్ల సుబ్బారావుకు కలిసొచ్చిందేమీ లేదు. అప్పటికి టిక్కెట్టు మాటే లేదు.

మరో ఏడాది. 1963 ఆగస్టు. దేవదాసన్ కేసు. కేంద్ర కొలువుల్లో ఎస్సీ, ఎస్టీలకు భర్తీ కాని ఖాళీల్ని తర్వాతి ఏడాదికి కలపొచ్చా? 45 పోస్టుల్లో 29 అలా వెళ్లాయి. కూడదన్నారు నలుగురు. ఒక్కడే అడ్డం తిరిగాడు. మళ్లీ సుబ్బారావే. రెండు గుర్రాల ఉదాహరణ రాశారు తీర్పులో. ఒకటి పందెపు గుర్రం, రెండోది మామూలుది. రెండింటినీ ఒకే గీత మీద నిలబెట్టి వదిలి, ఇదీ సమానత్వం అంటే ఎలా? రిజర్వేషన్ ఆ సూత్రానికి మినహాయింపు కాదు, ఆ సూత్రమే అన్నారు. పాతకాలపు మనిషి అని ముద్ర వేసినవాళ్లు దీన్ని ఏ అరలో పెడతారు?

ఎవరీయన? 1902లో పుట్టుక. బాపట్లలో కొన్నాళ్లు మునసబు, తర్వాత మద్రాసులో ప్లీడరు, 1948లో అక్కడే జడ్జీ. 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పుడితే దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టు. 1966 జూన్ 30న అక్కడ పెద్ద కుర్చీ. ఇంత దూరం వచ్చిన మనిషి ఒక్క అడుగు దగ్గర తడబడ్డారు.

గోలక్‌నాథ్ తీర్పుకూ రాజీనామాకూ మధ్య 43 రోజులు. అంతే. ప్రతిపక్షాలు సంబరపడిన తీర్పు, ఆ వెంటనే ప్రతిపక్షాల అభ్యర్థిత్వం. పెద్ద పెద్ద ప్లీడర్లే పెదవి విరిచారు. న్యాయపీఠం నుంచి దిగి నేరుగా ఎన్నికల బరిలోకా? ఈ ప్రశ్నకు ఏ ఫైల్లోనూ జవాబు లేదు. తీర్పులు శుభ్రంగా ఉన్నాయి, తొందర మాత్రం శుభ్రంగా లేదు. ఏప్రిల్ 12న ఆయన కుర్చీలో కె.ఎన్. వాంఛూ కూర్చున్నారు. గోలక్‌నాథ్‌లో అసమ్మతి తీర్పు రాసింది ఆయనే!

మే 6. పోలింగు. దేశమంతటా ఎంపీలు, ఎమ్మెల్యేలు వరస కట్టారు. లెక్క తేలింది. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244. సుబ్బారావుకు 3,63,971. లక్షకు పైగా తేడా. బోనులోని మనిషి ఓడిపోయాడు. కేసు మాత్రం నడుస్తూనే ఉంది.

1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది కూర్చుని గోలక్‌నాథ్‌ను కొట్టేశారు. కానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు ముట్టుకోకూడదన్నారు. సుబ్బారావు మూసిన తలుపు తీశారు గానీ గొళ్లెం వదల్లేదు. 1975లో థామస్ కేసు. రిజర్వేషన్లపై ఆయన ఒంటరి అసమ్మతిని సుప్రీంకోర్టు పైకెత్తుకుంది. 1976లో సుబ్బారావు పోయారు. తేదీ మే 6. ఎన్నిక జరిగి సరిగ్గా తొమ్మిదేళ్లు. ఆస్తి హక్కు 1979లో ప్రాథమిక హక్కుల జాబితా నుంచే లేచిపోయింది. మిగిలింది ఖరక్ సింగ్ ఒక్కడే.

2017 ఆగస్టు 24. తొమ్మిది మంది జడ్జీలు. ఏకాంతం ప్రాథమిక హక్కే అన్నారు. 1962లో నలుగురు చెప్పింది తప్పు, సుబ్బారావు రాసిందే ఒప్పు. తొమ్మిదికి తొమ్మిది మందీ ఒకే మాట. ఆ తొమ్మిది మందిలో ఒకరు జాస్తి చలమేశ్వర్. పామర్రు పక్కనే మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టిన మనిషి. పదవీ విరమణ తర్వాత సర్కారు ఇచ్చే ఏ పదవీ తనకొద్దని ఆయన 2018లో ముందుగానే చెప్పేశారు.