గాస్కెట్టు పోతే కుక్కరు పారేస్తామా?

కారు వేడెక్కి ఆగిపోవడం మగవాళ్ళ గొడవ, మనకెందుకులే అనుకుంటాం గాని, ఆ గొడవలో మొట్టమొదట తల దూర్చింది ఒక ఇల్లాలే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల కారును ఆయనకు చెప్పకుండానే బయటికి తీసింది. ఇద్దరు కొడుకులనూ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దూరం నూరు కిలోమీటర్ల పైమాటే. ఆ ఇంజను చల్లబడే పద్ధతి మరీ మొరటుది. చుట్టూ పోసిన నీళ్ళు కాగి ఆవిరైపోతుంటే వేడి తగ్గేది. అందుకని దారిపొడుగునా నీళ్ళు దొరికిన చోటల్లా ఆగి, పోసుకుంటూ వెళ్ళింది. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుందట! మెకానిక్కా, షెడ్డా? చేతిలో ఉన్నదానితో నెట్టుకురావడం ఆడవాళ్ళకు ఏ దేశంలోనైనా తెలిసిన విద్యే.

ఆ నీళ్ళ బాధ తీర్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900-01లో మెర్సిడెస్ కారుకు తేనెపట్టు లాంటి రేడియేటరు అమర్చాడు. వేలకొద్దీ సన్నని గొట్టాల్లోంచి గాలి దూసుకుపోతుంటే, వాటి చుట్టూ ఉన్న నీళ్ళు చల్లబడి తిరిగి ఇంజనులోకి పోతాయి. తర్వాతి రోజుల్లో రేడియేటరు మూతకు స్ప్రింగు పెట్టి లోపలి ఒత్తిడి పెంచారు. కుక్కరు మీద వెయిట్ పెడితే లోపలి నీళ్ళు నూరు డిగ్రీలు దాటితే గాని మరగవు కదా, ఇదీ అంతే. వేడి మీదున్న కారు మూత తీస్తే ఏమవుతుందో కుక్కరు వాడే చేతికి వేరే చెప్పాలా?

మన దేశానికి వస్తే, 1957లో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో పుట్టిన అంబాసిడరు 2014 దాకా తయారయింది. దాని పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో దిమ్మా, దాని పైనుండే హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఘాటు రోడ్డులో ఉడికిపోతే చెట్టు కింద ఆపి, చల్లారాక నీళ్ళు పోసి, మళ్ళీ సాగేవారు. సిలిండర్లు అరిగితే బోరింగు చేయించి కాస్త పెద్ద పిస్టన్లు వేయించేవారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయింది. ఆ తర్వాత కొందరు టాక్సీ యజమానులు పెట్రోలు ఇంజనునే దింపేసి డీజిలు ఇంజను ఎక్కించుకున్నారు. ఒళ్ళు అదే, గుండె వేరు!

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి మధ్యతరగతి గుమ్మం ముందు నిలిచింది. ఈ కొత్త తరం ఇంజన్లలో హెడ్డు అల్యూమినియంది. తేలిక, వేడి త్వరగా వదిలేస్తుంది. కాని వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఉడికిపోతున్నా "రెండు కిలోమీటర్లేగా, ఇల్లు చేరిపోదాం" అని తోలితే హెడ్డు వంగి కూర్చుంటుంది. కారు మారింది, అంబాసిడరు నాటి అలవాటు మాత్రం మారలేదు. జేబుకు చిల్లి పెట్టేది ఆ అలవాటే.

ఇక మన హైదరాబాదు తూర్పు దిక్కు చూడండి. ఒకప్పుడు ద్రాక్షతోటలుండిన ఉప్పల్ పరిసరాలూ, నాచారమూ గత శతాబ్దం రెండో సగంలో పారిశ్రామికవాడలయ్యాయి. దగ్గరలోని లాలాగూడలో నిజాం నాటి రైల్వే వర్కుషాపు 1893 నుంచీ ఉంది. అంటే ఇనుము సానపట్టే చప్పుడు ఈ వైపు కొత్తదేం కాదు. ఫ్యాక్టరీ యంత్రాలకూ, వరంగల్లు రోడ్డు లారీలకూ పనిచేసే లేతుషాపులే కార్లకూ దిక్కయ్యాయి. 2018లో ఉప్పల్-నారపల్లి వంతెనకు శంకుస్థాపన జరిగాక ఆ రోడ్డు మీద నత్తనడక నడిచిన కార్లెన్నో! నిలబడ్డ కారుకు ఎదురుగాలి ఉండదు, ఫ్యానొక్కటే ఆధారం. అది తిరక్కపోతే వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంది.

అప్పుడు "ఇంజను పోయిందమ్మా, మార్చాల్సిందే" అన్న మాట చెవిన పడితే, పిల్లల ఫీజులకు దాచిన డబ్బు కళ్ళ ముందు కదులుతుంది. సరిగ్గా అక్కడే కుక్కరును తలుచుకోవాలి. గాస్కెట్టు పోతే కుక్కరు పారేస్తామా? కొత్తది వేస్తాం. అంచు సొట్టపడితే మాత్రం ఎన్ని గాస్కెట్లు వేసినా ఆవిరి కారుతూనే ఉంటుంది. కారులోనూ హెడ్డుకూ దిమ్మకూ మధ్య గాస్కెట్టుంటుంది. అది కాలితే నీళ్ళు ఆయిల్లో కలిసి పాలు కలిపిన కాఫీ రంగు తేలవచ్చు. ఇంజను వేడెక్కాక కూడా పొగగొట్టం తెల్లటి పొగ ఆపదు. హెడ్డు కాస్త వంగితే లేతుషాపులో ఫేసింగు చేయించి చదును చేస్తారు. పగిలితే హెడ్డొక్కటే మార్చుకోవచ్చు. సిలిండర్లు గీరుకుపోయి, క్రాంకు పట్టేసినప్పుడే మొత్తం ఇంజను సంగతి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

పాత ఇంజను కొని వేయించడం చౌకే అయినా దానికో మెలిక ఉంది. ఇంజను నంబరు ఆర్.సి.లో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం మార్పును రవాణా అధికారుల చేత నమోదు చేయించాలి. ఆ పనికి ఉప్పల్‌లోనే ఆర్.టి.ఏ. ఆఫీసుంది. బిల్లు లేని ఇంజను, నంబరు చెరిపేసిన ఇంజను ఎంత చౌకయినా కొనకండి. అది ఏ దొంగ కారుదో!

ఏది వేయించినా, అసలు వేడెందుకు పుట్టిందో తేల్చకపోతే డబ్బు బూడిదలో పోసినట్టే. చిల్లిపడ్డ రబ్బరు గొట్టమా, తిరగని ఫ్యానా, బోరునీళ్ళ సున్నంతో పూడిన రేడియేటరా? బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లపొర చూసినవారికి, కూలెంటు ఎందుకు పోయమంటారో ఇట్టే తెలుస్తుంది. అందుకని మెకానిక్కును ముందు ఏది వేడెక్కించిందో, తర్వాత ఏది చెడిందో అడగండి. ఎంతవుతుందన్న ప్రశ్న ఆ రెండూ తేలాకే.

కుక్కరు కూత పెడితే పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పేది మనమే. కారు కూత పెట్టదు, ముల్లు మాత్రం చూపిస్తుంది. పక్క సీట్లో కూర్చున్నప్పుడు ఓ కన్ను దానిమీద వేసి, అది పైకి పాకగానే "ఏవండీ, ఆపండి" అంటే చాలు. ఆ మాటకు పైసా ఖర్చు లేదు.