చేప పేగులో చక్కెర: జాతి, మేత, హార్మోన్ల పాత్ర

కొల్లేరు పరిసరాల చెరువుల్లో వెదురు గడలకు వేలాడదీసిన చిల్లుల సంచుల చుట్టూ శీలావతి, బొచ్చె చేపలు మూగి మేత తింటాయి. అందులో అధిక భాగం తవుడే. కొంత నూనెగింజల చెక్క కలుస్తుంది. హిమాచల్ ప్రదేశ్, జమ్మూ కశ్మీర్‌ల చల్లని నీటిలో పెంచే రెయిన్‌బో ట్రౌట్‌కు ఇలాంటి మేత వేస్తే పెరుగుదల కుంటుపడుతుంది. ఈ తేడా పేగు గోడ వద్ద మొదలవుతుంది గానీ అక్కడితో ముగియదు.

మేతలోని పిండిపదార్థాన్ని అమైలేజ్, మాల్టేజ్ ఎంజైములు గ్లూకోజ్‌గా విడగొడతాయి. పేగు లోపలి పొర కణాలపై ఉండే ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహక ప్రోటీన్ ఆ గ్లూకోజ్‌ను సోడియంతో పాటు కణంలోకి చేరుస్తుంది. కణంలోని సోడియంను మరో ప్రోటీన్ శక్తి ఖర్చుచేసి రక్తం వైపు నిరంతరం తోడేస్తుంటుంది. అందువల్ల పేగులోని సోడియం కణంలోకి ప్రవహిస్తూ గ్లూకోజ్‌ను వెంట తెస్తుంది. అక్కడి నుంచి గ్లట్2 అనే మరో వాహకం దానిని రక్తంలోకి పంపుతుంది. మనిషి పేగులోనూ ప్రధానంగా ఇదే ఏర్పాటు.

అయితే ఈ వాహకాల సామర్థ్యం అన్ని చేపల్లో ఒకేలా ఉండదు. రాండల్ బడింగ్టన్, జారెడ్ డైమండ్ తదితరులు 1987లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది జాతుల చేపలను పరిశీలించారు. (‘గన్స్, జెర్మ్స్ అండ్ స్టీల్’ రచయితగా తర్వాత ప్రసిద్ధికెక్కిన డైమండ్ ఈయనే.) ఒకే రకం మేత పెట్టినా శాకాహార జాతుల పేగు గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకుంది; మాంసాహార జాతుల్లో అమైనో ఆమ్లాలదే పైచేయి. అంటే ప్రధాన హద్దును గీసేది జన్యువులే.

ఆ హద్దు లోపల మేతకు కొంత వెసులుబాటు ఉంది. పిండిపదార్థం పెరిగినప్పుడు కార్ప్ వంటి సర్వభక్షక చేపలు గ్లూకోజ్ రవాణాను పెంచుకోగలవు. ట్రౌట్‌లో ఈ మార్పు స్వల్పం.

హార్మోన్ల ప్రభావం మరోవిధం. పెరుగుదల హార్మోన్ సాల్మన్ జాతి చేపల పేగులో పోషకాల శోషణను పెంచుతుంది. 17-ఆల్ఫా మిథైల్‌టెస్టోస్టిరాన్ అనే కృత్రిమ స్టిరాయిడ్ చేపల పేగులో గ్లూకోజ్ రవాణాను వేగంగా పెంచుతుందని 1992లో వెలువడిన పరిశోధన చూపింది. తిలాపియా పిల్లలను మగవిగా మార్చేందుకు మేతలో కలిపే హార్మోన్ కూడా ఇదే. ఆ వాడకానికీ చక్కెర శోషణకూ మాత్రం సంబంధం లేదు.

శోషణ పెరిగినంత మాత్రాన చేపకు మేలు జరిగినట్లు కాదు. గ్లూకోజ్ ఇచ్చిన తర్వాత ట్రౌట్ రక్తంలో చక్కెర చాలా గంటలపాటు తగ్గదు. ఇన్సులిన్ లేక కాదు; అనేక చేపల్లో ఆ హార్మోన్‌ను గ్లూకోజ్ కంటే కొన్ని అమైనో ఆమ్లాలే బలంగా ప్రేరేపిస్తాయి. పీల్చుకున్న చక్కెరను కండరాలు, కాలేయం త్వరగా వాడుకోలేవు.

మేత ఖర్చులో పెద్ద భాగం ప్రోటీన్‌దే. సముద్రపు చిన్న చేపల నుంచి తీసే చేపపొడికి బదులు చౌకైన పిండిపదార్థం ఎంతవరకు కలపవచ్చన్నది అందుకే కీలకమైంది. ఆవిరిలో ఉడికించి చేసిన తేలే మేతలోని పిండి, పచ్చి పిండి కంటే సులభంగా జీర్ణమవుతుంది. అయినా మాంసాహార చేపల మేతలో జీర్ణమయ్యే పిండిపదార్థాన్ని సాధారణంగా 20 శాతానికి మించనివ్వరు. కార్ప్, తిలాపియాలకు అంతకంటే చాలా ఎక్కువే పెట్టవచ్చు.