చిటికెడు పసుపు: ఆర్మూర్ ప్రాంతపు ఇంటివంటల చరిత్రలో కొలత, మాట, కర్తృత్వం

తెలుగులో అచ్చయిన కూరల తయారీ విధానాలను వరుసగా చదివితే ఒక విషయం కంటబడుతుంది. పప్పు కప్పులలో, కారం చెంచాలలో, నూనె గ్రాములలో ఉంటాయి. పసుపు మాత్రం 'చిటికెడు', కాకుంటే 'తగినంత'. దేశంలో పేరున్న పసుపు పంట ప్రాంతాలలో ఒకటైన ఆర్మూర్ పరిసరాలలో కూడా వంటింట్లో పసుపుకు కొలత లేదు. మార్కెట్ యార్డులో క్వింటాళ్ల లెక్కన తూగే వస్తువు పొయ్యి దగ్గరికి వచ్చేసరికి వేలికొసల అంచనాగా మారుతుంది. ఇంటివంట జ్ఞానం ఏ రూపంలో నిలిచింది, ఎవరి చేతుల మీదుగా పంచబడింది, రాతలోకి వచ్చినప్పుడు ఏమి జారవిడిచింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం ఆ తేడా నుంచి మొదలుపెట్టి పరిశీలిస్తుంది.

వంట పుస్తకానికి పసుపు ముడి సరుకు. ఆర్మూర్ రైతు కుటుంబానికి అది అప్పటికే ఒకసారి వండిన వస్తువు. సుమారు తొమ్మిది నెలల పంట కాలం తరువాత తవ్విన దుంపలను ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టి, పైపొట్టు పోయేలా రాపిడి చేస్తేగాని అది అమ్మకానికి రాదు. ఉడకబెట్టడం వల్ల పచ్చివాసన తగ్గుతుంది, రంగు దుంపంతా సమంగా పరుచుకుంటుంది, ఎండే కాలం తగ్గుతుంది. పచ్చి దుంప బరువులో ఎండిన తరువాత మిగిలేది సుమారు ఐదోవంతు. ఉడుకు తక్కువైతే దుంప పెళుసుబారుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. పుల్ల గుచ్చి చూసి, వాసన పట్టి, వేళ్ల మధ్య నొక్కి పాకం తెలుసుకునే ఈ నేర్పు వంటింటి నేర్పుకు తోబుట్టువే. నిజామాబాద్ యార్డులో కాడి, గోళ అని వేరు చేసి ధర కట్టే ఈ సరుకులో ఇంటి వాడకానికి పక్కన పెట్టుకునే భాగం ఉంటుంది. బతుకమ్మ మీద నిలిపే గౌరమ్మ, పెళ్లి తలంబ్రాలు, పులిహోర అన్నీ ఆ ఒక్క డబ్బా నుంచే. పూజాద్రవ్యాన్నీ వంట దినుసునూ వేరువేరు అధ్యాయాలలో పెట్టే పరిశోధన పద్ధతికి ఆ డబ్బా ఒదగదు.

ఆహార చరిత్రకు తెలుగు పరిశోధకులు సాధారణంగా ఆశ్రయించే ఆధారాలు కావ్యాలు, చాటువులు, శాసనాలు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కావ్యాల నుంచి జనజీవితాన్ని, అందులో భాగంగా తిండినీ పైకి తీసింది. ఆ పని విలువ తగ్గేది కాదు. అయితే ఆ ఆధారాల స్వభావం వేరు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో కూర్చిన 'మానసోల్లాసం' సంస్కృతంలో రాచ భోజనాన్ని వర్ణించింది. అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' వస్తువుల పట్టికలకు ప్రసిద్ధి. పట్టికలో వంటకం పేరు దొరుకుతుంది, వండిన చేయి దొరకదు. పైగా పండిత సంప్రదాయానికి జొన్నల మీద ఉన్న చిన్నచూపు తెలిసిందే. జొన్నకూటిని వెక్కిరించే చాటువులు శ్రీనాథుని పేరిట నేటికీ ప్రచారంలో ఉన్నాయి. జొన్న గటక, అంబలి, రొట్టె తిని బతికిన ప్రాంతం ఆ సాహిత్యంలో తన వంటను వెతుక్కుంటే దొరికేది ఎగతాళి మాత్రమే.

ఇంటివంటకు సొంత కొలమానం లేదనడం పొరపాటు. రెండు అంచెల కొలతలు ఉండేవి. ధాన్యానికి, పిండికి పాత్ర కొలతలు: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. బజారు సరుకుకు సేరు, పావుసేరు, ఛటాకు. వీటికి తోడుగా చేతి కొలతలు: చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు. సోల పరిమాణం ఊరూరికీ మారవచ్చు, చెయ్యి పరిమాణం మనిషి మనిషికీ మారుతుంది. కానీ వంటలో నిలవవలసింది నిష్పత్తి. ఒకే చెయ్యి బియ్యాన్నీ నువ్వులనూ కొలిచినప్పుడు నిష్పత్తి చెడదు. 1956 తూనికలు కొలతల చట్టం తరువాత 1960ల తొలినాళ్లకు మెట్రిక్ పద్ధతి వ్యాపారంలో తప్పనిసరి అయింది. దుకాణం కిలోకు మారింది. వంటిల్లు చాలాకాలం మారలేదు. ఈ రెండింటి నడుమ తరాల దూరం ఏర్పడడం వల్లనే అవ్వ చెప్పిన 'తవ్వెడు బియ్యానికి పిడికెడు నువ్వులు' మనుమరాలి చేతిలో లెక్కకు రాని వాక్యంగా మిగిలింది.

సకినాల విషయంలో ఇది మరింత స్పష్టం. కొత్త బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్ట మీద వేళ్లతో చుట్లు తిప్పి, ఆరిన తరువాత నూనెలో కాల్చే ఈ సంక్రాంతి పిండివంటకు దినుసుల జాబితా ఒక్క వాక్యంలో ముగుస్తుంది. అసలు విద్య పిండి తడిలో ఉంది. తడి ఎక్కువైతే చుట్టు నిలవదు, తక్కువైతే తెగిపోతుంది. దాన్ని చూసి, పట్టి, పక్కన కూర్చుని నేర్చుకోవాలి. వాడకట్టు ఆడవాళ్లు ఇవాళ ఒక ఇంట్లో, రేపు మరో ఇంట్లో వంతులవారీగా చుట్టే పద్ధతి అందుకే ఏర్పడింది. పని తోడుతోబాటు పాఠం కూడా జరిగేది. వంట విధానాన్ని పంచుకోవడం అంటే చెప్పడం కాదు, కలిసి చేయడం. చరిత్రకారులు దీన్ని శ్రమ మార్పిడిగా చూస్తారు. బోధనా పద్ధతిగా చూడడం తక్కువ.

అచ్చులోకి వచ్చిన తెలుగు వంట ఎక్కువగా మద్రాసు, కోస్తా కేంద్రాల నుంచి వచ్చింది. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికలో దశాబ్దాల పాటు నడిపిన 'ప్రమదావనం', ఆమె 'వంటలు పిండివంటలు' మధ్యతరగతి గృహిణికి వంటను చదివి నేర్చుకునే విషయంగా మార్చాయి. పాఠకురాలు ఉత్తరం రాయడం, రచయిత్రి జవాబివ్వడం అనే పద్ధతి ఇంటి గడప దాటిన తొలి సంభాషణలలో ఒకటి. దాని ఘనతను ఒప్పుకుంటూనే దాని భాషను గమనించాలి. వెల్లుల్లి ప్రమాణమైంది, ఎల్లిగడ్డ మాండలికమైంది. వేరుశనగ నిలిచింది, పల్లి బయట ఉండిపోయింది. కజ్జికాయ తెలిసినంతగా గరిజె తెలియలేదు. సర్వపిండి, గిన్నప్ప, తపాలచెక్క అని చోటును బట్టి పేరు మారే వంటకానికి అచ్చు ఏ పేరు పెట్టాలో చాలాకాలం నిర్ణయించుకోలేదు. పేరు రాయని వంటను వెతకడం కష్టం, వెతకని వంట పుస్తకానికి ఎక్కదు. 2011లో నమస్తే తెలంగాణ మొదలవడం వంటి పరిణామాల తరువాత పత్రికా పుటలలో పచ్చిపులుసు, మక్కగారెలు, మలీద ముద్దలు వివరణ అక్కరలేని మాటలుగా రాసాగాయి. అది వంట మార్పు కాదు, రాత మార్పు.

తిండి మారిన తీరుకు కాలువల చరిత్ర తోడవుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్, 1937లో బోధన్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు జిల్లా పంటలను మార్చాయి. 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం పళ్లాన్ని మార్చింది. ఆర్మూర్ పొలాలలో జొన్న పూర్తిగా పోలేదు, దాని గమ్యం మారింది. నేడు అక్కడ విస్తారంగా పండే ఎర్రజొన్న ఉత్తరాది రాష్ట్రాలలో పశుగ్రాసం పెంచడానికి విత్తనంగా పోతుంది. అంటే కళ్లముందు జొన్న చేను ఉంటుంది, ఇంట్లో జొన్నరొట్టె తట్టే చెయ్యి కరువవుతుంది. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం జరిగిన ఆందోళన 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానానికి 185 మంది అభ్యర్థులు నిలిచే దాకా వెళ్లింది, వారిలో అత్యధికులు రైతులు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. ఈ ఉద్యమ చరిత్ర రాసేవారు ధర, దిగుబడి, ఎగుమతుల గురించి రాస్తారు. ఆ రెండు పంటల వంటింటి జీవితం అందులోకి రాదు.

ఆర్మూర్ పక్కనున్న అంకాపూర్ దీనికి వేరే తరహా ఉదాహరణ. విత్తన ఉత్పత్తికి, కూరగాయల సాగుకు పేరుపడిన ఆ ఊరు ఇప్పుడు దేశికోడి కూరతో ఎక్కువమందికి తెలుసు. చెప్పిన తరువాత వండి, కోడి లెక్కన అన్నంతో కలిపి ఇచ్చే పద్ధతి అది. వంటలో రహస్యమేమీ లేదు: ఈకలు తీసిన కోడిని మంటమీద కాల్చి, పసుపు రాసి కడిగి, తోలుతోనే ముక్కలు కొట్టి వండడం తెలంగాణ పల్లెలలో ఇంటింటి పద్ధతి. ఇక్కడ పసుపు రుచికి ముందే, శుద్ధికి వస్తుంది. ఇంటి కూర ఊరి పేరుతో సరుకుగా మారడం ఇక్కడి విశేషం. హైదరాబాద్ హోటళ్ల బోర్డుల మీద 'అంకాపూర్ చికెన్' అని కనిపించడం మొదలయ్యాక ఆ కూర ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. భౌగోళిక గుర్తింపు చట్టం ఇలాంటి ప్రశ్నకు ఒక జవాబు ఇస్తుంది. హైదరాబాద్ హలీంకు 2010లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చింది. అయితే ఆ గుర్తింపుకు ఒక సంఘం, ఒక హద్దు, రాసి చూపిన ఒక విధానం కావాలి. ప్రతి ఇంటా కొద్దిగా మారే కూరను ఒక విధానంగా రాసి చూపడమంటే మిగిలిన ఇళ్ల చేతిని తప్పని తేల్చడమే. రాయకపోతే పేరు ఎవరైనా వాడుకుంటారు. ఈ చిక్కుముడి చట్టంతో విడిపోయేది కాదు.

1970ల నుంచి ఈ ప్రాంతపు మగవారు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లడం వంట బదిలీకి కొత్త దారి తెరిచింది. ఇంట్లో పొయ్యి ముట్టని మనిషి కార్మికుల గదిలో వంతుల ప్రకారం వండవలసి వచ్చింది. పచ్చళ్లు, సకినాలు, పసుపు, కారం సామానులో ప్రయాణించాయి. విధానం ఉత్తరంలో, ఫోనులో, తరువాత వాట్సాప్ మాటలో వెళ్లింది. చేతిని చూపలేని చోట మాట కొలతను వెతుక్కుంది: టీ గ్లాసు, పెప్సీ మూత, అరచేతి గుంట. స్త్రీలు మౌఖికంగా కాపాడిన జ్ఞానం మొదటిసారి పురుషులకు లెక్కలుగా అందింది. వలస అధ్యయనాలు పంపిన డబ్బును లెక్కించాయి గాని, వచ్చిన వంటను వినలేదు.

వీడియో కొంతమేరకు పాత పద్ధతిని తిరిగి తెచ్చింది. 2007 నుంచి సంజయ్ తుమ్మ, 2016 తరువాత గుడివాడ మస్తానమ్మ చూపినది చెప్పడం కన్నా చేసి చూపడమే. చెయ్యి మళ్లీ కనబడింది. పిండి తడిని మాత్రం తెర తాకనివ్వదు. 2020 లాక్‌డౌన్ కాలంలో ఓవెన్ లేని ఇళ్లలో కుక్కర్ అడుగున ఉప్పో ఇసుకో పోసి కేకు కాల్చడం సాధారణమైంది. పసుపు కలిపిన కేకులో వంటసోడా మోతాదు మించితే పసుపుపచ్చ పోయి ఎరుపు తేలుతుంది. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది. తెర మీద చూసి వండిన చేతికి అది చెడిన కేకులా కనిపిస్తుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన చేతికి ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది.